చేపల తొట్టికి నాలుగో కాలు
అపోహలు – వాస్తవాలు

గౌలిపుర ఇళ్లలో నేల మట్టంగా ఉండటం అరుదు. చార్మినార్‌కు దక్షిణాన, లాల్‌దర్వాజకూ ఛత్రినాకకూ పొరుగున ఉన్న ఈ పేటలో పాత గదులకు షాబాద్ బండలు, తర్వాత కట్టినవాటికి తాండూరు బండలు, ఈమధ్య లేచిన మేడలకు టైల్స్ కనిపిస్తాయి. ఒక్కోచోట ఈ మూడూ ఒకే ఇంట్లో ఉంటాయి. అలాంటి నేల మీద 4 అడుగుల చేపల తొట్టి పెట్టాలనుకున్నవారికి సలహాలకు కొదవ ఉండదు. తొట్టి అమ్మినవారు ఒకటి చెబుతారు, స్టాండు చేసిన వెల్డర్ ఇంకొకటి చెబుతాడు, చూడటానికి వచ్చిన బంధువులు మరొకటి. వాటిలో కొన్ని సగం నిజాలు. కొన్ని తప్పని తేలేసరికి అద్దం పగిలి ఉంటుంది.

ముందు బరువు సంగతి తేల్చుకోవాలి. 4 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, 2 అడుగుల ఎత్తున్న తొట్టిలో అంచు దాకా నింపితే 340 లీటర్ల నీళ్లు పడతాయి. లీటరు నీళ్లంటే కిలో బరువు. పైన రెండు అంగుళాలు వదిలేసినా 300 కిలోలు దాటుతుంది. 10 మిల్లీమీటర్ల మందం అద్దం 65 కిలోల దాకా తూగుతుంది. అడుగున పరిచే గులకరాళ్లు, ఇనుప స్టాండు కూడా కలిపితే మొత్తం సుమారు 450 కిలోలు. ఆరుగురు పెద్దవాళ్లు ఒక మంచమంత జాగాలో రాత్రీ పగలూ కదలకుండా నిలబడి ఉన్నట్టు.

“రాతి నేలకేం కాదు, ఎంత బరువైనా ఆగుతది”

రాయి గట్టిదే. షాబాద్ కర్ణాటకలోని కలబురగి జిల్లాలో ఉంది, 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. తాండూరు వికారాబాద్ జిల్లాలోది. రెండు చోట్లా దొరికేది సున్నపురాయే. అది పొరలు పొరలుగా చీలుతుంది కాబట్టే బండలుగా తీయడం సులువు. అందుకే ఒక బండ మందం మరో బండకు రాదు. పక్కపక్కన పరిచిన రెండు బండల అంచులు రెండు మూడు మిల్లీమీటర్లు ఎగుడుదిగుడుగా ఉండటం పాత ఇళ్లలో మామూలు.

అసలు చూడాల్సింది బండ కింద ఏముందో. హైదరాబాద్ అడుగున ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. ఆ నేల కుంగదు. కుంగేది పునాది గోడల మధ్య పోసిన మొరం. దాన్ని తడిపి సరిగా దిమ్మిస చేయకపోయినా, పక్కనున్న మోరీ నీళ్లు ఏళ్ల తరబడి ఊరినా, బండ కింద ఖాళీ ఏర్పడుతుంది. పైకి బండ చెక్కుచెదరనట్టే ఉంటుంది. చెక్కముక్కతో తట్టి చూస్తే బోలు చప్పుడు వస్తుంది. అలాంటి బండ మీద స్టాండు కాలు పడకూడదు. రాయి నలుగుడుకు ఎంతైనా తట్టుకుంటుంది కానీ, కింద ఆధారం లేకుండా వంచే బరువుకు చిట్లుతుంది. ఒక్కో కాలు మీద 110 కిలోలకు పైగా పడుతుంది. కాలి కింద ఒక అంగుళం పైపు మొన నేరుగా ఆనితే ఆ బరువంతా ఆ చిన్న చోటే మోపుతుంది. అదే కాలికి 4 అంగుళాల చదరపు ఇనుప ప్లేటు వెల్డ్ చేయిస్తే అదే బరువు పదహారు రెట్ల జాగాలో పరుచుకుంటుంది. స్టాండు చేయించేటప్పుడే అడిగితే వెల్డింగ్ షాపులో ఇది పెద్ద ఖర్చు కాదు.

“కొంచెం ఒరిగితే నీళ్ల ఒత్తిడికి అద్దం పగుల్తది”

అందరూ నమ్మే మాట ఇదే. లెక్క వేస్తే నిలబడదు. నీళ్ల ఒత్తిడి లోతును బట్టి ఉంటుంది. 2 అడుగుల లోతు నీళ్లు 4 అడుగుల ముందు అద్దాన్ని దాదాపు 220 కిలోల బలంతో బయటికి తోస్తాయి. నేల ముందుకు మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున వాలి ఉందనుకుందాం. అది కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే వాలు. అయినా ఒకటిన్నర అడుగు వెడల్పులో ముందు అద్దం దగ్గర లోతు పెరిగేది రెండు మిల్లీమీటర్ల పైచిలుకు. ఒత్తిడి ఒక శాతం కూడా పెరగదు. అదే వాలు పొడవునా ఉంటే పల్లపు కొస అద్దం మీద రెండు శాతం పెరుగుతుంది. సరైన మందం అద్దంతో అతికిన తొట్టి దాన్ని లెక్క చేయదు.

అంటే వాలును వదిలేయమని కాదు. నీటి గీత ఒక పక్క పైకీ ఒక పక్క కిందికీ కనిపిస్తుంది, ఎత్తున్న తొట్టయితే బరువు ఒక పక్కకు తూగుతుంది. పిల్లలు పట్టుకుని లేచే ఇంట్లో అది మంచిది కాదు. కానీ అద్దాన్ని పగలగొట్టేది వాలు కాదు, మెలి.

నాలుగు కాళ్లూ ఒకే సమతలంలో ఆనకపోవడమే మెలి. మూడు కాళ్లు ఆని నాలుగోది గాలిలో ఉంటే బరువును ఆ మూడూ సమానంగా పంచుకుంటాయని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. తొట్టి బరువు నడిమధ్యన పడుతుంది. ఆ మధ్య బిందువు గాలిలో ఉన్న కాలికి ఇరుపక్కలనున్న రెండు కాళ్లను కలిపే ఐమూల గీత మీద ఉంటుంది. కాబట్టి 450 కిలోలూ దాదాపుగా ఆ రెండు కాళ్ల మీదే నిలుస్తాయి. గాలిలో ఉన్న కాలికి ఎదురు మూలనున్న కాలు ఆనినట్టే కనిపిస్తుంది, మోసేది మాత్రం దాదాపు సున్నా.

“నీళ్లు పోస్తే బరువుకు అదే కూర్చుంటది”

ఈ అపోహే అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే ఇది కళ్లముందు నిజమవుతుంది. ఖాళీ స్టాండు టకటకమని ఊగుతుంటే తొట్టి పెట్టి నీళ్లు పోస్తారు. సగం నిండేసరికి ఊగడం ఆగిపోతుంది. అంతా సర్దుకుందని సంతోషిస్తారు. నిజానికి జరిగింది వేరు. బరువుకు ఇనుప చట్రం మెలి తిరిగి నాలుగో కాలును నేలకు ఆనించింది. చట్రం పైభాగం కూడా అంతే మెలి తిరిగింది. దాని మీద కూర్చున్న అద్దపు అడుగు ఆ మెలిని అనుసరించాలి. అద్దాలను అతికించిన సిలికాన్ రబ్బరులా సాగుతుంది, ఇనుము వంగుతుంది, అద్దం మాత్రం సాగదు. దానికి తెలిసింది పగలడమే. అదీ వెంటనే కాకపోవచ్చు. అంచున ఎక్కడో ఉన్న కంటికి కనిపించని చిన్న పెచ్చు దగ్గర బీట మొదలై, వారాలకో నెలలకో ఒక రాత్రి అడుగు అద్దం మూల నుంచి మూలకు చీలుతుంది. అప్పటికి ఆ ఇంట్లో ఎవరికీ నాలుగో కాలు గుర్తుండదు. నాసిరకం అద్దమని తొట్టి చేసినవారిని నిందిస్తారు.

వెనకటి తొట్ల గురించి ఒక మాట చెప్పుకోవాలి. 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో తొలి ప్రజా అక్వేరియం తెరిచిన కాలం నుంచి ఒక శతాబ్దానికి పైగా ఇళ్లలో వాడినవి ఎక్కువగా ఇనుప చట్రంలో పుట్టీతో బిగించిన అద్దాలు. వాటిలో బరువు మోసేది చట్రం. నేడు బజారులో దొరికే వాటిలో ఎక్కువభాగం సిలికాన్‌తో అంచుకు అంచు అతికినవి. వీటిలో అడుగు అద్దమే నేరుగా స్టాండు మీద కూర్చుంటుంది. తాతల నాటి ఇనుప తొట్టి ఊగుతూ కూడా ఇరవై ఏళ్లు ఉందన్న అనుభవం నిజమే అయినా, ఇప్పటి తొట్టికి వర్తించదు.

“ఫోన్‌లో చూస్తే సరిపోతది”

ఫోన్‌లోని లెవెల్ యాప్ వాలును సుమారుగా చెబుతుంది. వెనక కెమెరా ఉబ్బు, కవరు అంచు దాన్ని తప్పుదారి పట్టిస్తాయి. అంతకన్నా పెద్ద లోపం ఇంకొకటి. అది ఆరంగుళాల జాగాను మాత్రమే చూస్తుంది, మెలిని పట్టలేదు. చిన్న రసమట్టం కూడా అంతే. రసమట్టం వాడేముందు దాన్నే పరీక్షించాలి. ఒక చోట పెట్టి బుడగ ఎక్కడుందో చూసి, అదే చోట తిప్పి పెట్టాలి. బుడగ రెండుసార్లూ గదిలో ఒకే పక్కకు ఒకే దూరం జరిగితే పరికరం మంచిది, నేల వాలి ఉంది. గొట్టంలో ఒకసారి ఎడమ కొస వైపు, తిప్పాక కూడా అదే గొట్టపు కొస వైపు జరిగితే రసమట్టానిదే తప్పు.

ఈ పనికి మేస్త్రీలు వాడే నీళ్ల పైపును మించింది లేదు. సన్నని పారదర్శక గొట్టంలో బుడగలు లేకుండా నీళ్లు నింపి రెండు కొసలూ పైకి పట్టుకుంటే, ఎంత దూరంలోనైనా రెండు చోట్లా నీళ్లు ఒకే ఎత్తులో నిలుస్తాయి. స్టాండు కాళ్లు ఆనే నాలుగు చోట్లా ఆ నీటి మట్టం నుంచి నేలకు ఎంత లోతుందో కొలిచి రాసుకోవాలి. ఉదాహరణకు ముందు ఎడమ 100 మి.మీ., ముందు కుడి 104, వెనక ఎడమ 106, వెనక కుడి 110 అనుకుందాం. ఎదురెదురు మూలలు కూడాలి. 100, 110 కలిపితే 210. 104, 106 కలిపినా 210. రెండూ సమానమైతే నేల వాలి ఉన్నా మెలి లేదు, నాలుగు కాళ్లూ ఆనుతాయి. వెనక కుడి 110 బదులు 115 వచ్చిందనుకోండి. ఒక మొత్తం 215, రెండోది 210. ఆ 5 మిల్లీమీటర్లే ఆ కాలు కింద ఉండే ఖాళీ. ఇంత తేలిక కూడికతో అసలు జబ్బు బయటపడుతుంటే ఎవరూ చేయకపోవడం విచారకరం.

కాళ్ల కింద ప్యాకింగ్ ఎంత పెట్టాలన్నదీ ఆ అంకెలే చెబుతాయి. తక్కువ అంకె ఉన్న చోటు నేల ఎత్తుగా ఉన్న చోటు. దాన్ని అలాగే వదిలి మిగతావాటిని దాని మట్టానికి తేవాలి. పై లెక్కలో ముందు కుడికి 4 మి.మీ., వెనక ఎడమకు 6, వెనక కుడికి 15.

“అట్టముక్క పెడితే అయిపోతది”

అట్ట, మడిచిన పేపరు, రబ్బరు చెప్పు ముక్క: మూడూ బరువుకు రోజురోజుకూ అణుగుతాయి. నీళ్లు మారుస్తుంటే తడి తగలకుండా ఉండదు, తడిస్తే అట్ట గుజ్జవుతుంది. టైలు ముక్క పగుల్తుంది. కిటికీలు బిగించేవారు వాడే గట్టి ప్లాస్టిక్ ప్యాకింగులు, స్టీలు లేదా అల్యూమినియం రేకు ముక్కలు కాలి ప్లేటంత వెడల్పున పెట్టాలి. మొనమీద సన్నగా దూర్చకూడదు. కొత్తగా స్టాండు చేయించేవారైతే కాళ్లకు నట్టు వెల్డ్ చేయించి, కింద ప్లేటున్న బోల్టు పెట్టించుకోవచ్చు. తొట్టి ఖాళీగా ఉన్నప్పుడే దాన్ని తిప్పాలి. నిండు తొట్టి కింద జాకీ పెట్టి లేపడం, గూటంతో చెక్కచీల కొట్టడం చేస్తే మెలి అప్పటికప్పుడు పుడుతుంది.

“థర్మోకోల్ వేస్తే ఎగుడుదిగుడు పోతది”

థర్మోకోల్ కావలసిందే, కానీ అందుకు కాదు. తొట్టి అడుగున చదరపు సెంటీమీటరుకు పడే బరువు 70 గ్రాముల చిల్లర. పరుచుకున్న ఆ బరువుకు థర్మోకోల్ దాదాపుగా అణగదు. కాబట్టి వాలును గానీ మెలిని గానీ అది మింగలేదు, ఉన్నదాన్ని ఉన్నట్టే పైకి అందిస్తుంది. అద్దం కింద చిక్కిన ఇసుకరేణువు, వెల్డింగ్ బొబ్బ, ప్లై మీది చిన్న గరుకు వంటివి మాత్రం అందులో దిగబడిపోతాయి. అందుకే ముందుగా స్టాండు మీద వాటర్‌ప్రూఫ్ ప్లై, దానిపై ఖాళీ తొట్టి పెట్టి చుట్టూ అంచున కాగితం దూర్చి చూడాలి. ఒక మూల కాగితం సులువుగా లోపలికి పోతే స్టాండు పని ఇంకా ఉంది. ఎక్కడా పోకపోతే అప్పుడు తొట్టి తీసి థర్మోకోల్ వేయాలి. అడుగున ప్లాస్టిక్ చట్రమున్న తొట్లకు అది అక్కర్లేదు.

“ఈశాన్యంలో పెడితే దోషముండదు”

వాస్తు పాటించే ఇళ్లలో నేలను ఈశాన్యానికి పల్లంగా దించుతారు, నీటి తొట్టినీ అక్కడే పెట్టమంటారు. ఎవరి నమ్మకం వారిది. ఈ రెండూ కలిస్తే గదిలో అన్నిటికన్నా పల్లంగా, రెండు వాలులు కలిసే మూలలోనే తొట్టి పడుతుంది. రెండు వాలులు కలిసే చోటే మెలి ఎక్కువ. దిక్కు మార్చుకోనక్కర్లేదు, నీళ్ల పైపు కొలత మాత్రం అక్కడ తప్పనిసరి.

“ఒకసారి మట్టం చేస్తే ఇక చూడక్కర్లేదు”

నీళ్లు పావు, సగం, ముప్పావు వంతుల్లో ఆగి ఆగి పోయాలి. ప్రతిసారీ నీటి గీతకూ పై అంచుకూ మధ్య దూరం నాలుగు మూలలా కొలవాలి. నిండాక ఒక రాత్రి, తర్వాత ఒక నెల ఆగి మళ్లీ చూడాలి. వానాకాలం దాటాక మరోసారి చూడాలి. 2020 అక్టోబరు వానలకు పాతబస్తీలో ఎన్నో కాలనీలు నీట మునిగాయి. అలా నానిన ఇళ్లలో బండ కింది మొరం కుంగి ఉండవచ్చు. అంతకుముందు మట్టం చేసిన స్టాండు కూడా మళ్లీ చూడాల్సిందే.

మేడ మీద పెట్టేవారికి నేల మట్టం కన్నా కప్పు బలం ముందు. ఇళ్ల కప్పును భారత ప్రమాణాల ప్రకారం చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువుకు లెక్కగడతారు. నిండు తొట్టి తన కింద మోపేది 800 కిలోలకు దగ్గర. కాంక్రీటు స్లాబు మీద గోడకు ఆనించి పెడితే ఆ ఒక్క చోటి బరువును చుట్టుపక్కల స్లాబు పంచుకోగలదు. పాత గౌలిపుర ఇళ్లలో ఇనుప గర్డర్ల మధ్య షాబాద్ బండలు పరిచిన కప్పులు, చెక్క దూలాల మిద్దెలు వేరు. అక్కడ కాలు బండ నడిమధ్యన పడితే పంచుకోవడానికి పక్కన ఏమీ ఉండదు. స్టాండు పొడవు గర్డర్లకు అడ్డంగా ఉండాలి, కాళ్లు గర్డర్ల మీద లేదా గోడ దగ్గర పడాలి. తుప్పు పట్టిన గర్డరో చెదలు తిన్న దూలమో కనిపిస్తే ఇంజినీరుకు చూపించనిదే పైన తొట్టి పెట్టకూడదు. రెండు అడుగుల తొట్టితో సరిపెట్టుకున్నా, కింది అంతస్తులోకి మార్చినా చేపలకు లోటేమీ రాదు.