వడదెబ్బకు 4 లక్షల సాయం: దవాఖాన చీటీలో ఏం రాసి ఉండాలి?

చెరుకు తోటలో, కరువు పనిలో, సిరిసిల్ల సాంచల షెడ్డులో ఎవరైనా ఎండకు పడిపోతే "బీపీ డౌన్ అయింది" అనుకుంటాం. చీటీలో జ్వరమనో, గుండె ఆగిందనో పడితే ఎండ సంగతి ఎక్కడా కనబడదు.

ఇప్పుడు ఆ ఒక్క మాట చాలా ముఖ్యం. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా ప్రకటించింది. వడదెబ్బతో చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా ఇస్తారు. అంతకుముందు ఆపద్బంధు కింద 50 వేలే ఉండేది.

డాక్టర్లకు ట్రైనింగ్ ఎందుకు?

2019లో కేంద్రం వాతావరణ మార్పు, మానవ ఆరోగ్యంపై జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. దీని కింద ముందు రాష్ట్ర, జిల్లా నోడల్ అధికారులు, తర్వాత పీహెచ్‌సీ డాక్టర్లు, వారి ద్వారా ఏఎన్ఎంలు, ఆశాలు నేర్చుకుంటారు. వడదెబ్బను గుర్తించడం, వెంటనే ఒళ్లు చల్లబరచడం, మార్చి 1 నుంచి జులై 31 వరకు కేసులను ఏరోజుకారోజు ఆన్‌లైన్‌లో ఎక్కించడం ఇందులో ఉంటాయి.

దవాఖానను పర్యావరణానికి అనుకూలంగా నడపడం కూడా ఈ పాఠమే: సోలార్, ఎల్‌ఈడీ బల్బులు, వాన నీటి గుంత, చెత్త వేరు చేయడం. దాంతో మనకేం పని అనిపించొచ్చు. మిట్టమధ్యాహ్నం కరెంటు పోతే ఫ్యాను, ఐసు, ఫ్రిజ్‌లోని టీకాలు ఏమైతాయో ఆలోచించండి.

మీరు చేయాల్సింది

ఒళ్లు కాలిపోతూ, మాట తడబడినా, స్పృహ తప్పినా 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేదాకా ఊరికే చూస్తూ ఉండకండి. నీడకు తెచ్చి ఒళ్లంతా చల్లని నీళ్లు పోయండి, విసరండి. స్పృహ లేనివారికి నీళ్లు, ఓఆర్ఎస్ తాగించొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

డాక్టర్ సారుకు ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏం పని చేస్తూ పడిపోయారో చెప్పండి. చెప్పకపోతే ఆయనకు తెల్వదు. ఓపీ చీటీ, 108 వివరాలు దాచుకోండి.

ప్రాణం పోతే, ఆ దుఃఖంలో కష్టమే అయినా, అంత్యక్రియలకు ముందే పోలీసులకు, తహసీల్దార్ ఆఫీసుకు కబురు పంపండి. మరణం వడదెబ్బతోనే అని అధికారులు ధ్రువీకరిస్తేనే సాయం మంజూరవుతుంది. దహనం అయిపోయాక రుజువు చేయడం చాలా కష్టం.