బటన్ నొక్కకుండానే నొక్కినట్టు ఎందుకు చూపిస్తుంది?

రాస్ప్‌బెర్రీ పై బోర్డు మీద 3.3 వోల్టుల పిన్‌కీ, జీపీఐఓ 17కీ మధ్య పుష్ బటన్ పెట్టారు. ఆ పిన్‌ను ఇన్‌పుట్‌గా చదివే పైథాన్ కోడ్ రాశారు. నొక్కితే 1 వస్తోంది. వదిలేస్తే 0 రావాలి కదా? 0, 1, 1, 0 అంటూ ఇష్టమొచ్చినట్టు వస్తోంది. వైరు దగ్గరికి చెయ్యి తీసుకెళ్తే ఈ గోల ఇంకా పెరుగుతుంది. ఎందుకు?

ఇన్‌పుట్ పిన్ చేసే పని ఒక్కటే: తన మీద ఎంత వోల్టేజీ ఉందో చూడటం. 3.3కి దగ్గరగా ఉంటే 1, సున్నాకి దగ్గరగా ఉంటే 0. బటన్ వదిలేశాక ఆ పిన్ దేనికీ కలిసి లేదు. దేనికీ కలవకపోతే సున్నా వోల్టులు ఉన్నట్టేనని మనం అనుకుంటాం. చిక్కంతా అక్కడే. ఇన్‌పుట్ పిన్ కరెంటు దాదాపు తీసుకోదు కాబట్టి, కాస్త చార్జి వచ్చి చేరినా వోల్టేజీ మారిపోతుంది. వేలాడే వైరు యాంటెన్నాలా పనిచేసి, ఇంటి వైరింగ్‌లోని 50 హెర్ట్జ్ అలజడినీ పట్టేస్తుంది. ఇలాంటి పిన్‌ను ‘ఫ్లోటింగ్’ అంటారు.

మరి ఎలా సరిచేయాలి? పిన్‌కి ఎప్పుడూ ఒక ఆధారం ఉండాలి. చిప్‌లోనే సుమారు 50 కిలో ఓమ్‌ల పుల్-అప్ రెసిస్టర్ ఉంది. కోడ్‌తో ఆన్ చేస్తే అది పిన్‌ను 3.3 వైపు లాగి ఉంచుతుంది. ఇక బటన్ వైరును 3.3 నుంచి తీసి గ్రౌండ్‌కి కలపండి. జీపీఐఓ 17 అనేది చిప్ లెక్క. బోర్డు మీద వరసలో అది 11వ పిన్. పక్కనే ఉన్న 9వ పిన్ గ్రౌండ్.

ఇప్పుడు వదిలేస్తే 1, నొక్కితే 0. నొక్కినప్పుడు గ్రౌండ్‌కి దారి నేరుగా దొరుకుతుంది; 50 కిలో ఓమ్‌ల లాగుడు దాని ముందు నిలవదు. ఆ దారిలో పోయే కరెంటు 66 మైక్రో ఆంపియర్లే, కాబట్టి బోర్డుకేమీ కాదు. జవాబు తలకిందులైందని కంగారు పడకండి. జీపీఐఓ జీరో లైబ్రరీలో బటన్‌కి 17 అని చెబితే చాలు, పుల్-అప్ అదే పెట్టుకుని, నొక్కితే ‘ట్రూ’ అనే ఇస్తుంది.

బటన్ తలుపు దగ్గరా బోర్డు హాల్లోనూ ఉండి వైరు పొడవైతే మాత్రం 50 కిలో ఓమ్‌ల పట్టు చాలకపోవచ్చు. అప్పుడు పిన్‌కీ 3.3కీ మధ్య 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ బయట పెట్టండి. పొరపాటున 5 వోల్టులకు కలిపితే మాత్రం చిప్ కాలిపోవచ్చు.