పైసా ఆడకపోయినా పని ఆగకూడదు

నాట్ల వేళకు చేతిలో పైసా ఆడదు. మనుషులు ఊళ్లోనే ఉంటారు. ట్రాక్టరు పక్కింటి చావిట్లోనే ఉంటుంది. లేనిదల్లా రొక్కం. దివిసీమ శివారు భూములకైతే కాలవ నీరు ఆలస్యంగా అందుతుంది. అప్పుడూ డబ్బు కోసం నాటు ఆపితే దిగుబడి తగ్గుతుంది, వెనక మినుముకు పదునూ దాటిపోతుంది.

అందుకని నూటికి నెలకు 2 రూపాయల వడ్డీకి 10 వేలు తెచ్చారనుకోండి. 5 నెలలకు కుప్ప నూర్చేసరికి 11 వేలు కట్టాలి. ఆ సొమ్ములో ఎరువుకు పోయిందెంత, ఊళ్లోవాళ్లకే కూలిగా ఇచ్చిందెంత? ఈ రెండో దానికి అప్పు లేకుండానే గడుపుకోవచ్చు.

డబ్బుకు కరువెందుకు?

రూపాయి మన ఊళ్లో పుట్టదు. పంట అమ్మితేనో, అప్పు చేస్తేనో రావాలి. వచ్చింది మందులకు, వడ్డీకి మళ్లీ బందరుకో గుడివాడకో వెళ్లిపోతుంది. 2016 నవంబరు 8న 500, 1000 నోట్లు రద్దయినప్పుడు మనకు వరి కోతల కాలం. చేలో పంట ఉంది, కోసే చేతులున్నాయి, కూలికి నోట్లు లేవు. ఫోనులో పంపే డబ్బయినా ఖాతాలో ఉంటేనే కదా!

పాత పద్ధతి

పూర్వం బదులు పని ఉండేది. ఇవాళ మీ చేలో నేను, రేపు నా చేలో మీరు. కమ్మరికి, వడ్రంగికి కళ్లంలోనే మేర కొలిచేవారు. పాలేరు జీతం బస్తాల్లో ఉండేది. అయితే కుంచం ఆసామి చేతిలోనే ఉండటంతో కష్టం చేసినవాడికి అన్యాయమూ జరిగింది. అది మళ్లీ రాకూడదంటే లెక్క అందరికీ కనపడాలి.

పుస్తకంలో లెక్క

కెనడాలోని కామాక్స్ లోయలో 1983లో మైకేల్ లింటన్ అనే ఆయన ఇలాంటి లెక్కనే మొదలుపెట్టారు. అందరి ఖాతా సున్నాతో మొదలవుతుంది. మీరు రామయ్య అనే రైతు చేలో 3 రోజులు నాటు వేశారనుకోండి. మీకు 3 జమ, ఆయనకు 3 బాకీ. ఆ జమతో మీరు ట్రాక్టరు ఆసామి చేత దమ్ము చేయించుకుంటారు. మీది సున్నా, జమ ఆయనకు మారింది. తరవాత రామయ్య వెళ్లి ట్రాక్టరు ఆసామి చేలో 3 రోజులు కలుపు తీస్తే బాకీ చెల్లు. మూడు పనులు జరిగాయి, కూలి కోసం రూపాయి కదల్లేదు. డీజిలు ఖర్చు మాత్రం విడిగా ఇవ్వాలి.

తేడా ఇక్కడే ఉంది. రూపాయి ముందు చేతిలో ఉంటేనే పని జరుగుతుంది. ఈ జమ పని జరిగినప్పుడే పుడుతుంది. దీనికి వడ్డీ లేదు, దాచుకుంటే లాభమూ లేదు.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

* ఒకరినొకరు ఎరిగిన 10-15 కుటుంబాలతో మొదలుపెట్టండి.

* నాటు రోజుకు, దమ్ము గంటకు, గడ్డి మోపుకు ఎంత జమో ముందే అనుకోండి. ఆడ, మగ కూలికి ఒకటే లెక్క పెట్టండి.

* బాకీకి హద్దు ఉండాలి. 10 రోజుల పని దాటనివ్వకండి. కుప్ప నూర్చగానే మిగిలింది ధాన్యంతో తీర్చేయండి.

* వారం వారం లెక్క అందరి ముందు చదవండి.

* భూమి లేని కూలీలను బలవంతపెట్టకండి. వాళ్లకు ఇంటి ఖర్చులకు రూపాయే కావాలి.

* చీటీలు నోట్లలా అచ్చు వేయకండి. తెచ్చినవారికి చెల్లిస్తామనే చీటీలను 1934 నాటి రిజర్వు బ్యాంకు చట్టం నిషేధించింది. ఆస్ట్రియాలో వోర్గల్ అనే ఊరు 1932లో సొంత నోట్లతో రోడ్లు వేయించుకున్నా, కేంద్ర బ్యాంకు అభ్యంతరంతో మరుసటి ఏడే ఆపాల్సి వచ్చింది. మనకు పుస్తకం చాలు.

యూరియాకు, ఆస్పత్రికి, పిల్లల చదువుకు రూపాయి తప్పదు. అందుకే ఉన్న నాలుగు రూపాయలూ వాటికి మిగలాలి. వచ్చే నాట్లకు ఒక్క పనితో మొదలుపెట్టి చూడండి.