క్షమించే కడ్డీ

1983లో వచ్చిన మారుతి 800 బానెట్ ఎత్తి చూడండి. ఇంజనుకు ఇరువైపులా రెండు రేకు గోపురాలు కనిపిస్తాయి. ముందు చక్రాల అదుర్లు స్ప్రింగుల ద్వారా చేరేది వాటికే. వేగంగా మలుపు తిరిగితే అవి వెంట్రుకవాసి కదులుతాయి; చక్రాల వాలూ ఆ మేరకు మారుతుంది. ఆ రెంటినీ కలిపి బిగించే ఉక్కు కడ్డీయే స్ట్రట్ బ్రేస్.

వెల్డింగు నేర్చేవారికి ఇది చక్కని అభ్యాసం. రెండు మందపాటి పలకలు, ఒక తిన్నని గొట్టం చాలు. కారును సమతలంపై చక్రాల మీదనే నిలిపి కొలతలు తీయాలి. బానెట్ మూసుకొనేదీ లేనిదీ చూడాలి. అతుకు మాత్రం కారుకు దూరంగా, బల్లపై బిగించి వేయాలి. ఉక్కు చల్లారుతూ ముడుచుకొంటుంది. ఏకబిగిన అతికితే పలక మెలిపడి రంధ్రాలు కలవవు. అందుకే ముందుగా చుక్కలు పెట్టి, అటు కొంత, ఇటు కొంత అతకాలి. గొట్టానికి జింకు పూత వుంటే అతికేచోట ముందే తొలగించాలి. దాని పొగ జ్వరం తెప్పిస్తుంది.

ఈ కడ్డీకి ఒక సుగుణముంది. అతుకు విడిపోయినా కారు మునుపటివలెనే నడుస్తుంది. స్టీరింగు కడ్డీకి, చక్రాన్ని పట్టివుంచే ఆర్మ్‌కు ఆ క్షమాగుణం లేదు. అవి విరిగితే ఇంట్లో అతకరాదు, కొత్తవి వేయించవలసిందే.