తెర లేవకమునుపు

చెన్నై–హౌరా రైలుమార్గమున తుని, అనకాపల్లి పట్టణముల నడుమ ఎలమంచిలి యున్నది. ఒకప్పుడు చాళుక్యులలో ఒక శాఖవారు ఏలిన ప్రాచీన పట్టణమిది. ఈ ప్రాంతపు పల్లెలలో పండుగలకును, తీర్థములకును రాత్రివేళ పద్యనాటకము లాడించుట చిరకాలపు వాడుక. జనులు చాపలు పరచుకొని కూర్చుందురు. హార్మోనియము మ్రోగును, తెర లేచును, శ్రీకృష్ణ పాత్రధారి చేయి యెత్తి పద్యమందుకొనును. పద్యము ముగియగానే ‘వన్స్ మోర్’ అను కేకలు చెలరేగును. నటుడు చిరునవ్వు నవ్వి ఆ పద్యమునే మరల పాడును. జనులు చూచునది ఈ రాత్రి కొన్ని గంటలు మాత్రమే. పొరుగూరినుండి వచ్చిన ఆ గాయకుడు తెర లేవకమునుపు పగలంతయు ఎట్లు గడిపెనో ఎరిగినవారు తక్కువ.

పద్యనాటకములోని నటులందరును తరచుగా ఒక్క ఊరివారు కారు. నాటకమును కుదుర్చు కాంట్రాక్టరు కృష్ణుని ఒక ఊరినుండియు, అర్జునుని మరియొక ఊరినుండియు, దుర్యోధనుని వేరొక ఊరినుండియు పిలిపించును. ఒక్కొక్కప్పుడు వారు ఒకరినొకరు కలిసికొనునది ఆ సాయంకాలము రంగు వేసికొను చోటనే. కొన్ని నాటకములలో ఒక్క కృష్ణుని పాత్రనే ఘట్టమున కొక్కరు చొప్పున ఇద్దరు ముగ్గురు ధరింతురు. అందరును కలిసి రిహార్సలు చేయకయే నాటకమెట్లు నడచును?

దానికి కారణము గ్రంథము. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయములు, బలిజేపల్లి లక్ష్మీకాంత కవి సత్యహరిశ్చంద్రీయము వంటి నాటకములు ఆంధ్రదేశమంతటను నటులకు కంఠస్థములు. ఎవరు ఏ పద్యము చదివిన పిమ్మట తాను అందుకొనవలెనో ప్రతి నటునకును తెలియును. ఉత్తరాంధ్రమున పుట్టి శ్రీకృష్ణ పాత్రకు పేరుగాంచిన పీసపాటి నరసింహమూర్తి, అట్లే ప్రసిద్ధులైన షణ్ముఖి ఆంజనేయరాజు వంటివారు ఇట్లు ఊరూర తిరిగి పాడినవారే. వారి అభ్యాసము ఏండ్ల తరబడి ఏకాంతమున జరిగినది; ప్రదర్శననాడు మిగిలినది దానిని సరిచూచుకొనుట మాత్రమే.

ఆ సరిచూపు విడిదిలో జరుగును. గాయకుడు ప్రొద్దున రైలు దిగి, స్నానపానములు ముగించి, మొదట కలిసికొనునది హార్మోనిస్టును. ఇరువురును కూర్చుండి ఆ రాత్రికి శ్రుతి నిర్ణయించుకొందురు. ఏ పద్యమునకు ఏ రాగము, ఎచ్చట ఆలాపన సాగించవలెను, ఎచ్చట ఆపవలెను అను సంగతులు మెల్లని గొంతుతో అనుకొందురు. ఎదుటి పాత్రధారి వచ్చియున్నచో సంభాషణల నొకమారు వల్లించుకొందురు. ఇదంతయు గంటసేపటి పని. తరువాత గాయకుడు చేయవలసిన ముఖ్యకార్యము ఒక్కటే: నిద్రించుట. లేనిచో మౌనముగా నుండుట.

చూచువారికిది సోమరితనమువలె తోచవచ్చును. కాని స్వరపేటిక నిర్మాణమును ఎరిగినవారు అట్లు తలపరు. అందులో అంగుళముకన్న చిన్నవైన రెండు మడతలున్నవి. వీనిని స్వరతంత్రులందురు. పురుషుడు మామూలుగా మాటలాడునపుడు ఇవి సెకండునకు సుమారు 100 మారులు కంపించును. తారస్థాయిలో పద్యమెత్తుకొన్నపుడు ఆ సంఖ్య 400కు చేరవచ్చును. రాత్రియంతయు ఇట్లు కంపించిన సున్నితములైన మడతలు వాచును, గొంతు బొంగురుపోవును. వానికి మందు విశ్రాంతియే. పటికబెల్లము, మిరియములు బుగ్గన నుంచుకొను గాయకులు కలరు. ఇవి నోటికి, గొంతుకకు హాయి కూర్చును. అయితే మ్రింగిన పదార్థము అన్నవాహికలోనికి పోవునుగాని స్వరతంత్రులను తాకదు. కావున నిద్ర చేయు పనిని అవి చేయజాలవు.

ఇచ్చటనే గాయకునకు నిజమైన పరీక్ష యెదురగును. పేరుగల నటుడు వచ్చినాడని తెలియగానే విడిదికి జనులు వత్తురు. “అయ్యా, మీ నోట ఒక్క పద్యము విని పోయెదము” అని ప్రాధేయపడుదురు. కాదన్నచో గర్వియని యందురేమో! సరేయని పాడినచో రాత్రికి దాచిన గొంతు పగలే ఖర్చగును. రాత్రి రాయబార ఘట్టమున గొంతు జీరవోయినచో, ఇదే జనము కేకలు వేయును. పైయేడు ఆ ఊరినుండి పిలుపు రాకపోవచ్చును. ఆ పిలుపే అతని కుటుంబమునకు జీవనాధారము. అందుచేత అనుభవశాలియైన గాయకుడు చేతులు జోడించి, “రాత్రికి దయచేయుడు, అంతయు మీకొరకే దాచియుంచితిని” అని చెప్పి తలుపు చేరవేసికొనును.

పాశ్చాత్య దేశములలోను ఇట్టి గాయకులు కలరు. కథనంతటిని పాటగా పాడు ఒపెరా యను నాటకము క్రీ.శ. 1600 ప్రాంతమున ఇటలీలో పుట్టినది. మిలాను నగరమున 1778లో తెరచిన లా స్కాలా నాటకశాల నేటికిని ప్రసిద్ధము. ఒపెరా గాయకులును పరదేశములకు పోయి అద్దె గదులలో నివసింతురు. అయితే వారి రిహార్సలు కొన్ని వారములు సాగును. మొదట పియానోతో పాట, పిమ్మట రంగస్థలముపై నడక, తుదకు వాద్యబృందముతోను, వేషములతోను పూర్తి ప్రయోగము. వాద్యబృందమును మించి, సాధారణముగా మైకు సాయము లేకయే, వారు పాడవలెను. కనుక రిహార్సలులో పెక్కుమారులు సగము గొంతుతోనే పాడి మిగిలినది దాచుకొందురు. ఒక ప్రదర్శనకును మరియొక ప్రదర్శనకును నడుమ సాధారణముగా ఒకటి రెండు దినముల విరామముండును. మన పద్యగాయకునకు ఆ భాగ్యము అరుదు. పండుగల రోజులలో నేడు ఒక ఊరు, రేపు మరియొక ఊరు.

ఇంటిని విడిచి తిరుగు బాధను సురభి నాటక సమాజమువారు వేరొక విధమున తీర్చుకొనిరి. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున కీచకవధ ప్రదర్శనముతో వారి నాటకజీవనము మొదలైనది. దానికి వనారస గోవిందరావు ప్రముఖులు. ఇతరులు ఇంటిని విడిచి పోయిరి. వీరు ఇంటినే వెంట గొనిపోయిరి. తాతలు, తల్లులు, పసిపిల్లలు అందరును మజిలీలోనే యుందురు. పగలు ఒకరు తెరలకు రంగులు దిద్దుదురు. ఒకరు నగలకు మెరుగులు పెట్టుదురు. ఒకరు గాలిలో ఎగురు దృశ్యమునకు తీగెలు సరిచూతురు. ఊయలలోనే పద్యములు వినిన శిశువు నడక నేర్వగానే బాలకృష్ణుడగును. అయినను ఆ బ్రదుకునకును వెల కలదు. మజిలీ మారినప్పుడెల్ల పిల్లల చదువు చెదరెడిది. చలనచిత్రములు వ్యాపించిన పిదప వసూళ్లు తగ్గి అనేక సమాజములు మూతపడినవి. నిలిచినవానిలో శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి హైదరాబాదు శేరిలింగంపల్లిలో స్థిరపడినది. దానికి నాయకత్వము వహించిన రేకందార్ నాగేశ్వరరావుగారికి 2013లో పద్మశ్రీ లభించినది.

తెల్లవారుచుండగా నాటకము ముగియును. జనులు చాపలు చుట్టుకొని పద్యములు కూనిరాగములు తీయుచు ఇండ్లకు పోవుదురు. కృష్ణుడు కొబ్బరినూనెతో ముఖముపై రంగు తుడిచికొని, కిరీటమును పెట్టెలో భద్రపరచి, స్టేషనుదారి పట్టును. ఎవరైన పలుకరించినచో తల యూచి నవ్వునేగాని మాటలాడడు. అతని మౌనమును మన్నించి, మధ్యాహ్నమున విడిది తలుపు తట్టక, పిల్లలను అల్లరి చేయవలదని మందలించిన గృహస్థుడు ఎవడో ఉండును. రాత్రి జనులు మెచ్చిన పద్యములో అతనికిని కొంత భాగమున్నది.