ఉద్యోగపత్రము – శాశ్వతనివాసము



నేను నివసించు అడిక్‌మెట్ హైదరాబాదు నగరమున ఉస్మానియా విశ్వవిద్యాలయము నానుకొనియున్న పేట. విశ్వవిద్యాలయపు ఆవరణ దాటినచో తార్నాక. 1918లో స్థాపింపబడిన యా విద్యాపీఠమున కీ అడిక్‌మెట్ భూములే నెలవైనవి. ఆర్ట్సు కళాశాల భవనము 1939లో తెరవబడినది. పల్లెలనుండి వచ్చిన పిల్లలు నేటికిని ఈ వీథులలో గదులు అద్దెకు తీసికొని చదువుకొనుచున్నారు. వెనుకటివారు సర్కారు కొలువు కోరెడివారు. నేటివారిలో ననేకులు కెనడా యనియు, అమెరికా యనియు చెప్పుచున్నారు.

కొంతకాలము క్రిందట నా పూర్వశిష్యుని తండ్రి యొకరు ఒక కాగితము చేతబట్టుకొని మా యింటికి వచ్చిరి. “పంతులుగారూ, మావానికి కెనడాలో ఉద్యోగ మిచ్చినారట. ఈ పత్రమున్నచో అక్కడనే స్థిరముగా నుండవచ్చునట. పదునాలుగు లక్షలు కట్టుమన్నారు. రెండెకరముల తరిపొలము బేరము పెట్టినాను. మీరొక్కమారు చదివి చెప్పుడు” అని యడిగిరి. చదివితిని. కంపెనీ పేరు పెద్ద యక్షరములతో నున్నది. జీతమెంతో లేదు, చేయవలసిన పని యేదో లేదు, వారమునకు ఎన్ని గంటలో లేదు. సొమ్ము కట్టవలసిన గడువు మాత్రము స్పష్టముగా నున్నది. ఆ సమయమున నాకు నిబంధనలు తెలియవు. “నాలుగు దినములు బేరము ఆపుడు” అని చెప్పి, తెలిసినవారి నడిగి, ఆయా ప్రభుత్వముల ప్రకటనలు చదివి, తెలిసికొన్న సంగతులను నేడు మీకు విన్నవించుచున్నాను.

మొదట శాశ్వతనివాస మననేమో చూతము. ఇది పౌరసత్వము కాదు. పరదేశమున, ఆ దేశపు నియమములకు లోబడి, గడువులేక నివసించుటకును, తనకు తోచిన యుద్యోగము చేసికొనుటకును ఆ ప్రభుత్వమొసగు హక్కు. వర్కు పర్మిటు అనునది వేరు. అది పని చేయుటకు కొంతకాలమున కిచ్చు అనుమతి. గడువు తీరగానే ముగియును. మన పిల్లలు ఆఫరు లెటరని చెప్పునది ఈ రెండును కాదు. అది యజమాని “ఈ మనుష్యుని ఈ పనికి, ఈ జీతమునకు తీసికొందును” అని వ్రాసి యిచ్చు మాట. ఈ మూడింటిని ఒక్కటిగా కలిపి చెప్పువాని మాట నమ్మదగదు.

పనికాగితమును నమ్మి సముద్రము దాటుట మనవారికి క్రొత్త కాదు. 1860లో మద్రాసునుండి నేటాలునకు పోయిన మొదటి యోడ నాటినుండి మన తీరమువారు అగ్రిమెంటుపై వ్రేలిముద్ర వేసి చెరకుతోటలకు పోయిరి. ఫిజీ ద్వీపములలో ఆ మాటయే “గిరిమిట్” అయి, కూలీలకు గిరిమిటియా లని పేరు వచ్చినది. ఆ పద్ధతిని కూలీలను పంపుట 1917లో ఆగినది. బర్మాకు పోయినవారికి మేస్త్రీ ముందుగా బయానా ఇచ్చి, పిదప వారి జీతములోనుండి రాబట్టుకొనెడివాడు. నాడు కాగితములో నేమున్నదో చదువురాని వారు మోసపోయిరి. నేడు పట్టభద్రులు సహితము మోసపోవుచున్నారు. నాడు మేస్త్రీ ఎదురు సొమ్మిచ్చి మనిషిని కొనెడివాడు. నేడు మనిషియే పొలమమ్మి కాగితము కొనుచున్నాడు. భేదమింతే.

ఇక కెనడా నియమము. నిపుణులైన ఉద్యోగులను తీసికొనుటకు ఆ ప్రభుత్వము ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అను పద్ధతిని 2015 జనవరిలో ప్రారంభించినది. ఇందు విదేశమునుండి నేరుగా దరఖాస్తు చేయు నిపుణునికి మొదట నూటికి 67 మార్కులు రావలెను. భాషకు 28, చదువునకు 25, అనుభవమునకు 15, వయస్సునకు 12, కుదిరిన యుద్యోగమునకు 10, అక్కడ ఇమిడిపోగల యోగ్యతకు 10.

లెక్క వేసి చూతము. ముప్పది యేండ్లలోపు ఇంజనీరు, మూడేండ్ల అనుభవము, ఇంగ్లీషు పరీక్షలో చదువుట, వ్రాయుట, వినుట, మాటలాడుట యను నాలుగింటను ఉత్తమశ్రేణి. వానికి భాషకు 24, పట్టమునకు 21, అనుభవమునకు 11, వయస్సునకు 12 వచ్చును. మొత్తము 68. అనగా ఉద్యోగపత్రము లేకయే ద్వారము తెరచుకొనినది! అతడే ఇంగ్లీషులో ఒక మెట్టు తగ్గినచో భాషకు 20 మాత్రమే వచ్చి, మొత్తము 64 అగును. మూడు మార్కులు తక్కువ. అప్పుడు నిజమైన ఉద్యోగమున్నచో ఆ 10 మార్కులు వానిని గట్టెక్కించును. ఐనను ఆ నాలుగు మార్కులు సంపాదించుటకు లక్షలు కట్టుట మేలో, ఆరుమాసములు ఇంగ్లీషు అభ్యసించుట మేలో మీరే యోచింపుడు.

ఈ 67 ద్వారము దాటుటకే. దాటినవారి నందరిని వరుసలో నిలుపుటకు 1200 మార్కుల లెక్క వేరొకటి కలదు. వరుసలో ముందున్నవారినే పిలుతురు. మోసమంతయు పుట్టినది ఇక్కడనే. 2015లో ఉద్యోగపత్రమున్న వానికి ఈ లెక్కలో 600 మార్కు లిచ్చుచుండిరి. అది యున్నవానికి పిలుపు తప్పదు. 2016 నవంబరులో దానిని తగ్గించి, పెద్ద అధికారుల కొలువులకు 200, తక్కినవానికి 50 చేసిరి. ఐనను 50 మార్కులు వరుసలో వేలమందిని దాటించును గదా! అందుచే పత్రములు అంగడి సరకు లయ్యెను. ఆ క్రయవిక్రయముల నరికట్టుటకు 2025 మార్చి 25వ తేదీ నుండి ఆ ప్రభుత్వము ఉద్యోగపత్రమునకు వరుసలో నిచ్చు మార్కులను పూర్తిగా తొలగించినది. మా యింటికి వచ్చిన కాగితము అటుపిమ్మట అమ్మజూపినది. విలువ పోయిన నాణెమును నిండు వెలకు అమ్మినట్లు!

అట్లని ఉద్యోగపత్రము పూర్తిగా నిష్ప్రయోజనము కాదు. 67 మార్కుల లెక్కలో దాని 10 మార్కులు అట్లే యున్నవి. కొన్ని రాష్ట్రములు తమకు కావలసినవారిని తామే ఎన్నుకొనును. ఆ ఎన్నికకు వరుసలో 600 మార్కులు కలవు. ఆ మార్గములలో కొన్నింటికి ఉద్యోగము కుదిరియుండుట తప్పనిసరి. తూర్పుతీరపు నాలుగు రాష్ట్రములకు సంబంధించిన అట్లాంటిక్ పథకమునకు, అక్కడి ప్రభుత్వము గుర్తించిన యజమానియొద్దనే ఉద్యోగముండవలెను. వెల్డింగు, విద్యుత్తు వంటి చేతిపనులవారికి ఒక సంవత్సరపు ఉద్యోగమైనను, అక్కడి వృత్తియోగ్యతా పత్రమైనను కావలెను.

మరి నిజమైన పత్రమెట్లుండును? నిపుణ వర్గములో అది పూర్తికాలపు పని కావలెను. అనగా వారమునకు 30 గంటలకు తగ్గరాదు. పంటకాలమునకో పండుగకాలమునకో పరిమితమైనది కారాదు. శాశ్వతనివాసము లభించిన పిమ్మట ఒక సంవత్సరమునకు తగ్గకుండ సాగవలెను. ఆ దేశమువారు వృత్తులను 0 మొదలు 5 వరకు శ్రేణులుగా విభజించిరి. మొదటి నాలుగింటిలోని యుద్యోగమే ఇందు చెల్లును. జీతము, అందులోని కోతలు, పని వివరము, షరతులు అన్నియు వ్రాసియుండవలెను. అన్నిటికంటె ముఖ్యమొకటి. పెక్కు సందర్భములలో యజమాని తన ప్రభుత్వమునకు తానే దరఖాస్తు చేసి, “ప్రకటన చేసితిని, ఇక్కడివారు దొరకలేదు” అని రుజువు చూపి, ఎల్.ఎమ్.ఐ.ఏ. యను నిర్ణయపత్రము పొందవలెను. దాని రుసుమును ఉద్యోగార్థినుండి రాబట్టుట ఆ దేశమున నిషిద్ధము. కావున ఆ పత్రమునకై మీ వద్ద సొమ్మడుగువాడు ఆ యడుగుటచేతనే దోషి యగుచున్నాడు.

అమెరికా మార్గ మింకొక తీరుది. అక్కడ నిపుణ ఉద్యోగి వర్గములో ఉద్యోగమే మూలస్తంభము. రెండేండ్ల శిక్షణగాని అనుభవముగాని కోరు స్థిరమైన, పూర్తికాలపు పని కావలెను. యజమాని ఆ ప్రాంతమున నడచుచున్న జీతమునకు తగ్గకుండ ఇచ్చెదనని యొప్పుకొని, స్థానికులు దొరకలేదని కార్మికశాఖకు చూపవలెను. ఈ ధ్రువీకరణకగు ఖర్చును, న్యాయవాది రుసుముతో కూడ, యజమానియే భరింపవలెనని 2007 నుండి నియమము. అన్నియు సక్రమముగా నున్నను, ఏ దేశమువారికిని నూటికి 7 పాళ్లు మించరాదను పరిమితివలన మనవారు సంవత్సరముల తరబడి కనిపెట్టుకొని యుండవలసి వచ్చుచున్నది. దేశము మారినను సూత్రము మారలేదు: ఉద్యోగమును రుజువు చేయవలసిన భారము దాని నిచ్చువానిది.

దొంగపత్రము పెట్టినచో పోవునది సొమ్ము మాత్రమే కాదు. అసత్యము చెప్పినట్లు తేలినచో కెనడా ప్రభుత్వము ఐదేండ్లు ఆ దేశమున ప్రవేశము నిషేధించును. పత్రము తయారు చేసినవాడు తప్పించుకొనవచ్చును. సంతకము చేసినవాడు పిల్లవాడే గదా! మన దేశమునందు 1983 నాటి వలసల చట్టము ప్రకారము, అనుమతిపత్రము లేనివాడు విదేశోద్యోగములకు మనుష్యులను చేర్చరాదు. ఆ యనుమతి కలదో లేదో ప్రభుత్వపు ఇ-మైగ్రేట్ జాబితాలో చూచుకొనవచ్చును. కెనడా విషయమున రుసుము తీసికొని సలహా చెప్పుటకు అక్కడి న్యాయవాదులు మొదలగువారికిని, అక్కడి సలహాదారుల కళాశాలలో పేరు నమోదైన వారికిని మాత్రమే అధికారము.

పెద్దలారా, పిల్లలకంటె పాసుపుస్తకము మీ చేతిలో నుండును. కావున నాలుగు ప్రశ్నలు మీరడుగుడు. ఈ యుద్యోగమునకై ప్రభుత్వమునకు దరఖాస్తు చేసినదెవరు? జీతము, పని, గంటలు వ్రాసియున్నవా? సొమ్ము ఎవరికి, ఏ నియమము ప్రకారము? ఈ పత్రమునకు నేటి లెక్కలో ఏ స్థానము? నాలుగింటికి సూటియైన జవాబు రానిచో పొలము జోలికి పోకుడు.

నాలుగవ దినమున ఆ పెద్దమనుష్యులు మరల వచ్చిరి. ఈ సంగతులన్నియు చెప్పితిని. చాలసేపు మాటాడలేదు. పిదప “వాని కేమి చెప్పుదును?” అని మాత్ర మడిగిరి. “వాని పట్టమును విలువ కట్టింపుమనుడు, భాష పరీక్ష వ్రాయుమనుడు, ఆ రెండింటిని ఎవరును వానికి అమ్మలేరు” అంటిని. పిల్లవాడు విశ్వవిద్యాలయమునుండి మార్కుల పత్రములు పంపించుకొన్నాడు, పరీక్ష వ్రాసినాడు, మొదటిసారి చాలలేదు, మరల వ్రాయుచున్నాడు. వానికి పిలుపు వచ్చునో రాదో నేను చెప్పలేను. రెండెకరముల తరిపొలములో మాత్రము ఈ యేడు వరి నాటిరి.