అక్వేరియంలో చేపలు మొదటి నెల దాటాలంటే

చెన్నైలో మాధవరానికి ఆనుకొని ఉన్న కొళత్తూరు రంగు చేపల వ్యాపారానికి పేరుపొందిన చోటు. అక్కడి దుకాణాల్లో ప్లాస్టిక్ సంచుల్లో మెరిసే చేపల్ని చూస్తే పిల్లలు ఒక పట్టాన కదలరు. గాజు తొట్టె, గులకరాళ్ళు, పది పన్నెండు చేపలు కొని అదే రోజు అన్నీ అమర్చేస్తాం. వారం తిరక్కుండానే చేపలు ఒక్కొక్కటే తేలిపోతాయి. జబ్బు చేపల్ని అంటగట్టారని దుకాణదారును తిట్టుకుంటాం. చాలాసార్లు అసలు కారణం వేరు. తొట్టెలో నీళ్ళు మరీ కొత్తవి!

కొత్త నీళ్ళతో చిక్కేమిటి? చేప తన ఒంట్లోని వ్యర్థాన్ని ఎక్కువగా మొప్పల ద్వారా అమ్మోనియా రూపంలో వదులుతుంది. మిగిలిన మేత కుళ్ళినా అమ్మోనియానే పుడుతుంది. పశువుల కొట్టంలో ముక్కుకు ఘాటుగా తగిలేది ఇదే. ఇది చేప మొప్పల్ని దెబ్బతీస్తుంది. చెరువులో ఉండే సూక్ష్మజీవులు అమ్మోనియాను మొదట నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మారుస్తాయి. నైట్రైటూ విషమే. అది రక్తంలో చేరితే నీళ్ళలో గాలి ఉన్నా చేపకు ఊపిరాడదు. నైట్రేటు మాత్రం కొద్ది మోతాదులో పెద్దగా హాని చెయ్యదు. కొత్త తొట్టెలో ఈ సూక్ష్మజీవులు దాదాపు ఉండవు. అవి ఫిల్టరు స్పాంజిలో, రాళ్ళ మీద తగినంత పెరగడానికి సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

పాలు తోడుకోవాలంటే కాస్త పెరుగు వెయ్యాలి కదా! ఇక్కడా అంతే. తెలిసినవారింట్లో చేపలు ఆరోగ్యంగా ఉన్న పాత తొట్టె ఉంటే, దాని ఫిల్టరు స్పాంజి ముక్క అడిగి, ఆరిపోకుండా తడిగా తెచ్చి మీ ఫిల్టరులో పెట్టండి. పని త్వరగా సాగుతుంది.

ఇక మొదలుపెట్టే విధానం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టెలో సుమారు యాభై లీటర్లు పడతాయి. కొళాయి నీళ్ళలోని క్లోరిన్ చేపలకూ, ఈ సూక్ష్మజీవులకూ శత్రువు. నీళ్ళను వెడల్పాటి పాత్రలో ఒక రోజు తెరిచి ఉంచండి, లేదా దుకాణంలో దొరికే క్లోరిన్ విరుగుడు మందు కలపండి. ఫిల్టరు ఒక రోజు నడిచాక మూడు నాలుగు జీబ్రా చేపల్ని మాత్రమే వదలండి. బోరు నీళ్ళు గట్టివైతే మోలీలు, గప్పీలు బాగా తట్టుకుంటాయి. బంగారు చేపలు వ్యర్థం ఎక్కువ వదులుతాయి కాబట్టి మొదట్లో వద్దు.

మేత రోజుకు ఒక్కసారి, రెండు మూడు నిమిషాల్లో తినగలిగినంతే వెయ్యండి. పిల్లలు ముచ్చటపడి గుప్పెడు వేస్తే అదే విషమవుతుంది. రెండు మూడు రోజులకొకసారి నాలుగో వంతు నీళ్ళు మార్చండి. చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరుస్తుంటే ఆ రోజే సగం మార్చండి. నీటి పరీక్ష కిట్టు కొంటే ఊహలతో పని ఉండదు. అమ్మోనియా, నైట్రైటు రెండూ వరుసగా కొన్ని రోజులు సున్నా చూపి, నైట్రేటు కనిపించిందంటే తొట్టె సిద్ధమైనట్లే. ఆ తర్వాత కూడా ఒకేసారి రెండు మూడు చేపల్నే చేర్చండి.

మరొక మాట. నీళ్ళు కాస్త మసకగా కనిపించగానే తొట్టె మొత్తం ఖాళీ చేసి, ఫిల్టరును కొళాయి కింద తోమితే సూక్ష్మజీవులు పోతాయి. పని మళ్ళీ మొదటికి వస్తుంది. స్పాంజిని తొట్టెలోంచి తీసిన నీళ్ళలోనే మెల్లగా పిండండి. కరెంటు గంటల తరబడి పోయే ఊళ్ళలో బ్యాటరీతో నడిచే గాలిపంపు ఒకటి దగ్గర ఉంచుకోండి.

తొట్టె కొన్నరోజే చేపలు కావాలని పిల్లలు మారాం చేస్తారు. నాలుగు చేపలతో నెలన్నర ఓపిక పట్టమని నచ్చజెప్పండి. నీళ్ళు కుదుటపడితే మిగతా చేపలు తర్వాతైనా వస్తాయి, వచ్చినవి నిలుస్తాయి.